గేర్ల సైకిలు వెనుక ఓ పట్టు వ్యాపారి

ఖతార్‌లో కొండలు లేవు. దేశం మొత్తానికి ఎత్తైన చోటు కురైన్ అబూ అల్ బవ్ల్ అంటారు. దాని ఎత్తు 103 మీటర్లు. మన ఊళ్ళలో అయితే దాన్ని గుట్ట అని కూడా అనం, మిట్ట అంటాం. అయినా ఇక్కడ సైకిలు పందేలకు కరువేమీ లేదు. 2002 నుంచి 2016 దాకా టూర్ ఆఫ్ ఖతార్ జరిగింది. 2016 అక్టోబరులో ప్రపంచ రోడ్డు సైక్లింగ్ పోటీలు దోహాలోనే పెట్టారు. స్లొవేకియాకు చెందిన పీటర్ సాగన్ పెర్ల్ దీవిలో గీత దాటి గెలిచాడు. లుసైల్ నుంచి అల్ ఖోర్ వైపు పోయే రోడ్డు పక్కన 30 కిలోమీటర్లు దాటిన సైకిలు బాట కూడా ఉంది. చలికాలం శుక్రవారం తెల్లవారుజామున అటు వెళ్తే రంగురంగుల బనియన్లు, హెల్మెట్లు వేసుకుని గుంపులుగా తొక్కేవాళ్ళు కనిపిస్తారు.

సైటులో సూపర్‌వైజర్లుగా, ఫోర్‌మెన్లుగా పనిచేసే మాకు మనుషుల కన్నా ముందు యంత్రం మీదికే చూపు పోతుంది. ఆ సైకిళ్ళ వెనుక చక్రం దగ్గర పది, పదకొండు పళ్ళ బిళ్ళలు వరసగా పేర్చి ఉంటాయి. వాటి కింద చిన్న చెయ్యిలాంటిది ఒకటి వేలాడుతూ చైనుని అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది. కొండే లేని దేశంలో ఇన్ని గేర్లు దేనికయ్యా అని మాలో ఒకరు అడిగితే, దానికి జవాబు గాలి చెప్పింది. ఉత్తరం నుంచి వీచే షమాల్ గాలి ఎదురు కొడితే చదును రోడ్డే ఘాటు రోడ్డు అయిపోతుంది. పనికి సైకిలు మీద పోయే మనవాళ్ళందరికీ ఈ సంగతి కాళ్ళతో తెలుసు.

ఆ గేర్లను సైకిలుకి అలవాటు చేయడానికి జీవితంలో సగం పైన ఖర్చు పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పందెగాడు కాదు. ఇంజినీరు చదువు చదవలేదు. పట్టు వ్యాపారి. అసలు పేరు పాల్ ద వివీ. రాతల్లో పెట్టుకున్న పేరు వెలోసియో. ఫ్రాన్సులో సైకిలు తొక్కేవాళ్ళకి ఆ పేరు చెబితే ఇప్పటికీ గురువుగారి పేరు చెప్పినట్టే.

బొగ్గూ పట్టూ ఒకే ఊళ్ళో

ఆయన పుట్టింది 1853లో, ఫ్రాన్సు దక్షిణాన ప్రోవెన్స్‌లోని పెర్న్ అనే చిన్న ఊళ్ళో. దగ్గర్లోనే వాంతూ అనే పెద్ద కొండ ఉంది, ఎత్తు 1,900 మీటర్ల పైచిలుకు. బతుకుతెరువు మాత్రం సెయింట్ ఎటియెన్ పట్టణంలో కుదిరింది. ఆ ఊరు ఎలాంటిదంటే, మన సిరిసిల్ల మగ్గాలూ గోదావరిఖని బొగ్గు గనులూ ఒకే చోట ఉన్నాయనుకోండి, దానికి తోడు తుపాకుల కార్ఖానా కూడా. పట్టు రిబ్బన్లకు పేరుమోసిన ఊరు. ఇనుము కోయడం, పళ్ళు చెక్కడం, చిన్న చిన్న పుర్జాలు తయారు చేయడం తెలిసిన చేతులు వీధికి పదిమంది. సైకిలు పరిశ్రమ ఆ ఊళ్ళో ఎందుకు వేళ్ళూనుకుందో వేరే చెప్పక్కర్లేదు.

పాల్ ద వివీ అక్కడ పట్టు వ్యాపారం చేస్తూ, పెళ్ళాం పిల్లలతో కుదురుగా ఉన్న గృహస్థు. 1881లో, అంటే 28 ఏళ్ళ వయసులో, మొదటి సైకిలు కొన్నాడు. అది మనకి తెలిసిన సైకిలు కాదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనుక చక్రం పళ్ళెం అంత. చైను ఉండదు, పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉంటాయి. ఒక్క చుట్టు తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే దూరం పోవాలంటే చక్రం పెద్దది చేయాల్సి వచ్చింది. పడితే మాత్రం తల ముందుకి పడాల్సిందే.

ఆ ఎత్తు సైకిలుతోనే ఆయన కొండదారులు పట్టాడు. తరువాత 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో స్టార్లీ అనే ఆయన రోవర్ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనుక చక్రానికి చైను. మన హీరో, అట్లాస్ సైకిళ్ళన్నీ ఆ వంశమే. చైను వచ్చిందంటే ముందు ఎన్ని పళ్ళు, వెనుక ఎన్ని పళ్ళు అన్న లెక్క వచ్చినట్టే. పాల్ ద వివీ పిచ్చి అక్కడ మొదలైంది.

1887లో పట్టు వ్యాపారం వదిలేశాడు. సెయింట్ ఎటియెన్‌లో సైకిళ్ళ దుకాణం తెరిచి ఇంగ్లండు నుంచి సైకిళ్ళు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. అదే ఏడు ఒక పత్రిక కూడా పెట్టాడు. అదే తరువాత ల సిక్లిస్త్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. నిలకడైన వ్యాపారం వదిలి ఇలాంటి దాంట్లోకి దిగడం మా ఇళ్ళల్లో ఎవరన్నా చేస్తే పెద్దవాళ్ళు ఏమంటారో ఊహించుకోవచ్చు. రెండేళ్ళకి సొంతంగా ఒక సైకిలు తయారు చేయించి దానికి గొల్వాజ్ అని పేరు పెట్టాడు. దానికి గేరు ఒక్కటే.

కనుమ దారిలో పళ్ళ లెక్క

ఊరికి దక్షిణంగా పిలా కొండలున్నాయి. వాటి మీదుగా పోయే రోడ్డులో కోల్ ద లా రిపబ్లిక్ అనే కనుమ వస్తుంది, సముద్ర మట్టానికి 1,161 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ కన్నా కొంచెం తక్కువ. ఊరు నుంచి లెక్కేస్తే సుమారు 600 మీటర్లు పైకి ఎక్కాలి. వెలోసియో తన సైకిళ్ళన్నిటినీ పరీక్ష పెట్టింది ఈ దారి మీదే. 1889లో ఆయన ఒంటి గేరు సైకిలు మీద ఆపసోపాలు పడుతూ ఎక్కుతుంటే, ఆయన పత్రిక చదివే కుర్రాడొకడు నోట్లో పొగ గొట్టం పెట్టుకుని తాపీగా దాటిపోయాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కుర్రాడి సైకిలుకి గేరు చిన్నది. సరే, తనూ చిన్న గేరు పెట్టుకోవచ్చు. కానీ చదును మీదికి వచ్చేసరికి కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. కొండకొకటి, చదునుకొకటి, రెండూ ఒకే సైకిలులో కావాలి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. మన మామూలు సైకిలుకి ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు అనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కాబట్టి బండి 5.4 మీటర్లు పోతుంది. ముందూ వెనుకా 24 పళ్ళే ఉంటే పోయేది 2.2 మీటర్లే. 12 కిలోమీటర్ల ఘాటు రోడ్డు ఎక్కాలంటే మొదటి దాంతో సుమారు 2,200 సార్లు తొక్కాలి, రెండో దాంతో 5,400 సార్లు పైగా. మొత్తం మీద బరువు పైకి చేర్చే పని రెండిట్లోనూ ఒక్కటే. కానీ మొదటి దాంట్లో ఒక్కో తొక్కుకి మోకాలు మీద పడే బరువు రెండున్నర రెట్లు.

సైటులో చైన్ బ్లాక్ వాడిన వాళ్ళకి ఇది వివరించాల్సిన పనే లేదు. టన్ను బరువున్న మోటారుని ఒక్కడు పైకి లేపుతాడు. బలం ఉండి కాదు, గొలుసు బారలకు బారలు లాగుతాడు కాబట్టి. బరువు మూర లేచేసరికి గొలుసు ఎంతో దూరం కిందికి దిగి ఉంటుంది. వెలోసియో సైకిలుకి చేసిందీ అదే.

చేయడం మాత్రం చెప్పినంత తేలిక కాలేదు. మొదట ముందు వైపు చిన్నదీ పెద్దదీ రెండు పళ్ళ చక్రాలు పక్కపక్కనే పెట్టాడు. కొండ మొదట్లో దిగి, చైనుని చేత్తో ఎత్తి ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి వేయాలి. చేతులకి మడ్డి అంటుకుంటుంది, ఊపు పోతుంది. తరువాత సైకిలుకి కుడివైపు ఒక చైను, ఎడమవైపు ఒక చైను పెట్టిన రకాలు నడిపాడు. ఇంకో రకం మరీ విచిత్రం. పెడలు ముందుకి తొక్కితే పెద్ద గేరు, వెనక్కి తొక్కితే చిన్న గేరు. కాళ్ళు వెనక్కి తిరుగుతుంటే బండి ముందుకి పోతూ కొండెక్కుతుంది! నవ్వులాట కాదు, సెయింట్ ఎటియెన్‌లోని పెద్ద కార్ఖానా ఒకటి ఇరోందెల్ అన్న పేరుతో అలాంటి సైకిళ్ళను చాలా ఏళ్ళు అమ్మింది. ఇంగ్లండు వాళ్ళు వేరే దారి పట్టారు. 1902లో నాటింగ్‌హామ్‌లో మొదలైన స్టర్మీ ఆర్చర్ కంపెనీ గేర్లన్నిటినీ వెనుక చక్రం బొడ్డులోనే దాచింది. వెలోసియో ఎవరి సరుకునీ వదల్లేదు. దొరికినదల్లా బిగించి, కనుమ ఎక్కి చూసి, బాగోగులు పత్రికలో అచ్చు వేశాడు. టైర్లు కూడా అంతే. సన్న టైరే వేగం అని అందరూ అనుకునే రోజుల్లో లావు టైరు మెత్తగా పోతుందని, ఒళ్ళు అలవదని వాదించాడు.

చివరికి నిలిచింది డిరైలర్. ఫ్రెంచిలో ఆ మాటకి పట్టాలు తప్పించేది అని అర్థం. రైలు పట్టా తప్పితే ప్రమాదం. ఇక్కడ చైనుని కావాలనే ఒక పళ్ళ చక్రం మీద నుంచి తప్పించి పక్కదాని మీదికి ఎక్కిస్తారు, అదీ తొక్కుతూ ఉండగానే. చిన్న పళ్ళ మీదికి వచ్చినప్పుడు చైను వదులవుతుంది. ఆ వదులుని స్ప్రింగు చెయ్యి ఒకటి లాగి పట్టుకుంటుంది. సైకిలు కింద వేలాడుతోందని మొదట్లో చెప్పింది ఈ చెయ్యే. డిరైలర్‌ని వెలోసియో ఒక్కడే కనిపెట్టాడని కొన్నిచోట్ల రాస్తారు. మేము ఆ మాట అనం. 1890లలోనే అలాంటి పరికరాలు వచ్చాయి. ఆయన శిష్యబృందంలోని జోనీ పనెల్ షెమినో అనే డిరైలర్ తయారు చేసి అమ్మాడు. ఆ పేరుకి దేశదిమ్మరి అని అర్థం. వెలోసియో గొప్పదనం వేరే ఉంది. పదిమంది పది రకాలుగా చేసిన వాటిని కొండ మీదికి తీసుకెళ్ళి, ఏది నిలుస్తుందో ఏది విరుగుతుందో దాపరికం లేకుండా రాయడం. ఇప్పుడు మేము సైటులో మెటీరియల్ టెస్ట్ రిపోర్టు అంటాం. ఆయన ఆ పని 40 ఏళ్ళకు పైగా చేశాడు.

గేరు అంటే నామోషీ!

ఇంత మంచి వస్తువుని జనం ఎగబడి తీసుకుని ఉండాలి కదా. తీసుకోలేదు. అసలు కథ ఇదే.

ఆ రోజుల్లో పందెగాళ్ళ దృష్టిలో గేరు మార్చడం చేతకానివాడి పని. కండబలంతో గెలవాలి గానీ పళ్ళ చక్రాల సాయంతో గెలిస్తే ఏం గొప్ప అనేవాళ్ళు. ఈ వాదానికి పెద్ద దిక్కు ఆంరి దెగ్రాంజ్. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు ఆయనే. గేర్లు వయసు మళ్ళినవాళ్ళకే తప్ప యువకులకు పనికిరావని ఆయన అభిప్రాయం. పందెం ఆయనది కాబట్టి చట్టమూ ఆయనదే. టూర్ మొదటి ఏడే లియాన్ నుంచి మార్సేకి పోతూ వెలోసియో కనుమనే దాటింది. మరుసటి ఏడు అదే కనుమ మీద స్థానిక పోటీదారుడి అభిమానులు రాత్రిపూట కాపుకాసి మిగతావాళ్ళని చితకబాదారు. అది వేరే కథ.

గేర్లు లేకపోతే ఏం చేసేవాళ్ళంటే, వెనుక చక్రానికి రెండు వైపులా రెండు రకాల పళ్ళ బిళ్ళలు పెట్టుకునేవాళ్ళు. కొండ రాగానే దిగడం, నట్లు విప్పడం, చక్రం తిప్పి బిగించడం, మళ్ళీ ఎక్కడం. దిగువకి వచ్చాక ఇంకోసారి ఇదే తంతు. మంచులో వేళ్ళు కొంకర్లు పోయి నట్టు విప్పలేకపోయిన ఇటలీ కుర్రాడు టూలియో కాంపగ్నోలో, ఆ కసితోనే ఒక్క మీటతో చక్రం ఊడదీసే పద్ధతి కనిపెట్టాడన్నది సైకిలు లోకంలో అందరూ చెప్పుకునే కథ. ఇప్పటికీ మంచి సైకిళ్ళ చక్రాలకు ఆ మీట కనిపిస్తుంది.

వెలోసియో వాదంతో పాటు రుజువు కూడా చూపించాలనుకున్నాడు. 1902లో ఫ్రాన్సు పర్యాటక సంఘం పిరనీస్ కొండల్లో, 2,100 మీటర్లు దాటిన టూర్మలే కనుమ మీదుగా సైకిళ్ళకు పరీక్ష పెట్టింది. ఆ పరీక్షలో మార్త్ ఎస్ అనే ఆవిడ మూడు గేర్ల గొల్వాజ్ సైకిలు తొక్కింది. దారి పొడుగునా ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదని చెబుతారు. టూర్ ద ఫ్రాన్స్ అదే కనుమకి 1910లో మొదటిసారి వచ్చినప్పుడు మహామహా పందెగాళ్ళు దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచారు. ఆడమనిషి ఎక్కింది, మగవాళ్ళు నడిచారు. అయినా మనసు మార్చుకోలేదు. ఎందుకంటే ఆ నామోషీ లెక్కలకి అందేది కాదు.

ఈ రోగం మాకు కొత్త కాదు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు 50 కిలోల సిమెంటు బస్తాలు రెండేసి ఎత్తి చూపించడం, ట్రాలీ తెచ్చుకున్నవాడిని ముసలోడా అని ఎక్కిరించడం మేము చాలా సైట్లలో చూశాం. ఐదేళ్ళు తిరిగేసరికి ఆ కుర్రాళ్ళే నడుం పట్టుకుని ఇంటికి పోతారు. నడుముకి గ్రాట్యుటీ ఎవరూ ఇవ్వరు.

దాహం వేయక ముందే

వెలోసియో గేర్ల గురించి రాసినంత శ్రద్ధగా ఒంటి గురించీ రాశాడు. మాంసం మానేశాడు. ప్రయాణంలో సారా, పొగాకు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మొదటి గంటల్లోనే ఉత్సాహం కొద్దీ బలమంతా ఖర్చు పెట్టుకోవద్దని, ఎవరికో చూపించుకోవడం కోసం తొక్కొద్దని శిష్యులకి చెప్పేవాడు. ఆకలి తెలిసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టని, నీళ్ళ విషయమూ అంతేనని ఆయన నమ్మకం. చలి వేయక ముందే బట్ట కప్పుకోవడం, చెమట పట్టక ముందే విప్పేయడం, ఇవన్నీ ఆయన చెప్పిన సూత్రాలే. ఈనాటి వైద్యులు ఎండలో పనిచేసేవాళ్ళకి చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. ఖతార్‌లో 2021 నుంచి అమలైన నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. నిబంధన మంచిదే. కానీ తొమ్మిదిన్నరకి దాహం వేయట్లేదు కదా అని సీసా ముట్టుకోని కుర్రాడికి నీళ్ళు తాగించేది నిబంధన కాదు, పక్కనున్న మనిషి.

ఆయన తొక్కే దూరాలు వింటే నమ్మబుద్ధి కాదు. ఒక్కోసారి రాత్రంతా దీపం పెట్టుకుని తొక్కి, తెల్లారాక కూడా ఆగకుండా ఇంకో కొండ ఎక్కేవాడు. ఈస్టర్ పండక్కి పుట్టిన గడ్డ ప్రోవెన్స్ వైపు సైకిలు మీద పోవడం ఆయనకి ఇష్టం. వెంట శిష్యులు బయల్దేరేవాళ్ళు. ఆ గుంపుకి సెయింట్ ఎటియెన్ బడి అని పేరు వచ్చింది. బడి అంటే గదులూ బల్లలూ కావు, కనుమ దారే బడి. గ్రీకు, లాటిన్ పుస్తకాలు చదివేవాడు. దేశాలన్నిటికీ ఒకే భాష ఉండాలని పుట్టించిన ఎస్పెరాంటోని సమర్థించేవాడు. మేము హిందీ, అరబ్బీ, మలయాళం, నేపాలీ కలిపి మెస్సులో మాట్లాడుకునే భాష ఆయన వినుంటే ఏమనేవాడో!

సైకిలు అంటే పేదవాడి బండి, పెద్దవాళ్ళకి తగదు అన్న మాట మన దగ్గరా ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిలు మీద వెళ్ళినందుకే ఇప్పటికీ కథగా చెప్పుకుంటాం. వెలోసియో పెద్దవాడయ్యాక కూడా సైకిలు దిగలేదు. 1922 నుంచి ఆయన పేరుతో ఏటా సెయింట్ ఎటియెన్ నుంచి కనుమ దాకా ఎక్కే పండగ మొదలైంది. తన పేరుతో జరిగే పండగలో తానే తొక్కుతూ పోయాడాయన.

1930లో ఓ రోజు సెయింట్ ఎటియెన్ వీధిలో సైకిలు చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. వచ్చే కారుని తప్పించుకోబోయి వెనక్కి అడుగేశాడు. వెనుక నుంచి ట్రాము గుద్దింది. అప్పటికి 76 ఏళ్ళు. రాత్రిళ్ళు కొండల అంచుల వెంట వేల కిలోమీటర్లు తిరిగిన మనిషి, ఇంటి ముందు వీధిలాంటి చోట, అదీ సైకిలు ఎక్కకుండా నడుస్తూ ఉండగా పోయాడు.

ఆయన పోయిన ఏడేళ్ళకి, 1937లో, టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్ళకి డిరైలర్ వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఆ ఏడు గెలిచిన రోజే లపేబి గేర్లు మార్చుకుంటూనే గెలిచాడు. ఆ తరువాత నామోషీ మాట ఎత్తినవాడు లేడు. ఎక్కడ పందెం జరిగినా, దోహాలో జరిగిన దానితో సహా, గేర్లు లేని సైకిలు వరసలో కనపడదు.

కోల్ ద లా రిపబ్లిక్ మీద రోడ్డు పక్కన ఆయన స్మారకం ఉంది. ఆయన పేరుతో జరిగే కొండ పండగకి మనవళ్ళతో కలిసి వచ్చే తాతలు కూడా ఉంటారు. చిన్న గేరులో, మెల్లగా ఎక్కుతారు.